ఏసీ రిపేరులో ఉందట

"మామా, వద్దని ఎవరూ అనలేదు" అన్నాడు మా అక్క కొడుకు ఫోన్లో. అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆఫీసుల చుట్టూ ముప్పై ఏళ్లు తిరిగినవాళ్లు నవ్వే నవ్వు అది. ఇరవై ఏళ్లకే రాకూడదు.

వాడు చెన్నై శివార్లలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో మూడో సంవత్సరం. కాలేజీ పేరు రాయను, వాడింకా ఏడాది అక్కడ చదవాలి. నెల్లూరు, చిత్తూరు, ఒంగోలు వైపు పిల్లలు చాలామందే ఉన్నారు. మెస్సులో సాంబారు బాగుండదన్న సంగతి తప్పితే ఇంకే విషయంలోనూ ఒక మాట మీద నిలబడని పదిహేను మంది కలిసి, శనివారం సాయంత్రాలు తెలుగు పుస్తకం చదువుకుందామని మొదలుపెట్టారు. ఒకడు పైకి చదువుతాడు, మిగతావాళ్లు వింటారు. అందరూ ఇంగ్లీషు మీడియం. ఒత్తులు వరసగా రెండొస్తే బండి ఆగిపోతుంది, ఎవడో వెనక నుంచి తోస్తాడు. నాకు ఈ సంగతి తెలిసినప్పుడు చెప్పలేనంత సంతోషమేసింది.

మూడు వారాలు చిన్న కథలు చదివారు. కాలేజీలో ఎవరూ పట్టించుకోలేదు. నాలుగో వారం నుంచి ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' మొదలుపెడదామని, తెల్లకాగితం మీద స్కెచ్ పెన్నుతో పేరు రాసి నోటీసు బోర్డుకు గుచ్చారు. మధ్యాహ్నానికి కాగితం లేదు, నాలుగు గుండుసూదులు మాత్రం ఉన్నాయి. సెమినార్ హాలు అడిగితే ఏసీ రిపేరులో ఉందన్నారు. క్లాసు రూము? పరీక్షలకు సీటింగు వేస్తున్నాం. పోనీ క్యాంటీన్ వెనక చెట్టు కింద? సెక్యూరిటీకి పర్మిషన్ లెటర్ చూపించాలి. లెటర్ ఎవరిస్తారు? డీన్. డీన్ ఎక్కడ? ఊళ్లో లేరు. ఎప్పుడొస్తారు? చెబుతాం.

అందరూ మర్యాదగానే మాట్లాడారట. ఒకాయన కాఫీ కూడా తాగమన్నాడట.

నూరేళ్ల కింద ఇదే ఊళ్లో

'మాలపల్లి'కి ఈ ఊరితో పాత లెక్కలున్నాయి. ఉన్నవ ఆ నవలను రాయవెల్లూరు జైల్లో రాశారు. 1922లో అచ్చయింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1928లో కొన్ని మార్పులతో వేసుకోనిచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పాఠ్యపుస్తకంగా పెట్టుకుంటే 1936లో మళ్లీ నిషేధం. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక తొలగించారు. అంటే ఒక పుస్తకాన్ని పదిహేనేళ్లలో రెండుసార్లు మూసి రెండుసార్లు తెరిచారు, అదంతా ఇదే ఊరి నుంచి.

దొరల ప్రభుత్వాన్ని మెచ్చుకోవాల్సిన అవసరం నాకు లేదు. కానీ ఒక తేడా చూడండి. వాళ్లు చేసిన పని ఫలానా సంవత్సరంలో ఫలానా ప్రభుత్వం చేసిందని ఇవాళ మనం చెప్పుకోగలుగుతున్నాం. ఆనాటివాళ్లకూ అది కంటికి కనిపించింది కాబట్టే దాన్ని పట్టుకుని కొట్లాడారు, కొట్లాడి తీయించారు. మా వాడి కాలేజీలో ఎవరితో కొట్లాడాలి? ఏసీతోనా?

తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన 'రాధికాసాంత్వనము' కథ ఇంకా చిత్రం. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో వావిళ్లవారి చేత దాన్ని మద్రాసులో అచ్చు వేయించడం, బూతు అని ప్రభుత్వం నిషేధించి ప్రతులు పట్టుకుపోవడం, టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధాని అయ్యాక గాని విముక్తి కలగకపోవడం చాలామందికి తెలిసిందే. నాకు ఆసక్తి దానికి ముందు జరిగినదాని మీద. ఆ కావ్యం 1887లోనే ఒకసారి అచ్చయింది. ఆ పరిష్కర్త పీఠిక తీసేశాడు, కొన్ని పద్యాలూ తీసేశాడు. ఎవరూ అల్లరి చేయలేదు. మిగిలిందే కావ్యమనుకుని జనం ఇరవై ఏళ్లు చదువుకున్నారు. వేరే ప్రతి చేతికొచ్చి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే తప్ప నాగరత్నమ్మకైనా తెలిసేది కాదు, ఏం పోయిందో.

పైగా ఆమె తన పీఠికలో వీరేశలింగంగారిని అడిగిన ప్రశ్న ఉంది చూశారూ, ఆ సిగ్గూ ఎగ్గూ ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా అని, దానికి ఇప్పటికీ సరైన జవాబు రాలేదు. ఆమె అలా అడగగలిగింది ఎందుకంటే ఆడది ఇలాంటి పద్యాలు రాయడమేమిటన్న తన అభిప్రాయాన్ని ఆయన 'ఆంధ్ర కవుల చరిత్రము'లో అచ్చులో, తన పేరు మీద పెట్టాడు. ఆయనతో నేను ఏకీభవించను. కానీ దాక్కోలేదు కదా, ఆ మర్యాద ఆయనకు ఇవ్వాలి.

బీరువా తాళం

ఇంత రాశాక నా సంగతీ చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం రాసే హక్కు నాకు లేదు.

నేనుండేది పెరంబూరు వైపు. రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లోనూ రైల్వే వర్క్‌షాపుల్లోనూ చేసి రిటైరైన తెలుగువాళ్లు ఇక్కడ చాలామంది. మాకొక చిన్న సంఘం ఉంది, ఆ సంఘానికొక గది, ఆ గదిలో పద్దెనిమిది వందల పుస్తకాలు. ఆదివారాలు పది నుంచి ఒంటిగంట దాకా తెరుస్తాం. 2009 నుంచి ఆ లైబ్రరీ చూసుకునేది నేనే. జీతం లేదు, పెత్తనం మాత్రం ఉంది.

2012లో ఒక పెద్దమనిషి వచ్చారు. గదిలో ఉన్న రెండు బీరువాల్లో ఒకటి ఆయన కొనిచ్చిందే, తలుపు మీద ఆయన తండ్రిగారి పేరు కూడా పెయింటు చేసి ఉంటుంది. చేతిలో చలం పుస్తకం. "మా కోడలు ఇక్కణ్ణుంచి తెచ్చుకుందట. ఇట్లాంటివి మన లైబ్రరీలో ఎందుకయ్యా?" అన్నారు. కోపంగా కూడా అనలేదు, బాధపడుతున్నట్టు అన్నారు. నేను "కొన్నాళ్లు లోపల పెడదాంలెండి సార్" అన్నాను. ఆ రోజు సాయంత్రం చలం పుస్తకాలు నాలుగూ తీసి ఆయన కొనిచ్చిన బీరువాలోనే కింది అరలో, పాత రసీదు పుస్తకాల వెనక పెట్టి తాళం వేశాను. తాళంచెవి మా ఇంటి తాళాల గుత్తిలో కలిసిపోయింది.

కమిటీలో చర్చ లేదు, తీర్మానం లేదు. నిజానికి కమిటీలో పెడితే ఉంచమనేవాళ్లే ఎక్కువమంది. అందుకే పెట్టలేదేమో అని ఇప్పుడు అనిపిస్తోంది.

తర్వాత రెండేళ్లకు కాబోలు, కార్పొరేషన్ స్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన టీచరుగారు ఒకావిడ అడిగారు. "నాయనా, చలం పుస్తకాలు ఈ అరలో ఉండేవే, ఏవీ?" అని. "ఎవరో తీసుకుపోయినట్టున్నారు టీచరుగారూ" అన్నాను. నోరు తడబడలేదు. ఇంకో ఆరు నెలలకు మళ్లీ అడిగారు. "ఇంకా రాలేదండీ" అన్నాను. ఆవిడ నా మొహం వంక ఒక్క క్షణం చూసి, వేరే ఏదో తీసుకుని వెళ్లిపోయారు. మూడోసారి అడగలేదు.

ఆ పెద్దమనిషి పోయి ఏడేళ్లయింది. పుస్తకాలు బయటికి తీయమని నన్ను ఆపేవాళ్లు లేరు. అయినా తీయలేదు. భయం కూడా కాదు, మరిచిపోయాను. అసలు గుట్టు అదే అనుకుంటాను. నిషేధిస్తే ఎవరో ఒకరికి గుర్తుంటుంది. లోపల పెట్టినవాణ్ణి నేను, నాకే గుర్తులేదు.

మా వాడి ఫోను వచ్చిన తర్వాతి ఆదివారం వెళ్లి బీరువా తెరిచాను. నాఫ్తలీన్ ఉండలు వాసన మిగుల్చుకుని కరిగిపోయాయి. రెండు పుస్తకాల వెన్నులో జిగురు వెండిపురుగులు తినేశాయి. ఒకదాని వెనక అట్టకు అంటించిన చీటీ మీద ముద్రలు లెక్కపెట్టాను. మూడేళ్లలో పద్నాలుగుసార్లు ఇంటికి వెళ్లొచ్చింది. చివరి ముద్ర 2012 మార్చి. మధ్య పేజీలో ఎవరో గుర్తుగా పెట్టుకున్న సిటీ బస్సు టికెట్ ఉంది, రంగు పోయి, అంకెలు కూడా కనబడకుండా. ఆ పేజీ దాకా చదివిన మనిషి తర్వాత వచ్చి అడిగారో లేదో నాకు తెలియదు.

గ్రంథాలయశాస్త్రానికి సూత్రాలు రాసిన ఎస్.ఆర్. రంగనాథన్ ఈ ఊరివాడే అన్నట్టు లెక్క. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి మొదటి లైబ్రేరియన్. 1931లో అచ్చయిన ఆయన అయిదు సూత్రాల్లో రెండోదీ మూడోదీ ఏమిటంటే, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. నేను ఒక్క తాళంతో రెండూ తప్పాను.

కొనకపోవడం సంగతి?

ఇక్కడ నాకే ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతోంది. లైబ్రరీ అంటేనే ఏరడం. ఎగ్మూరులో ఉన్న కన్నెమరా లైబ్రరీ లాంటి వాటికి 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకమూ ఒక కాపీ రావాలి. మాకు అలా రావు. మాకు ఏడాదికి పన్నెండు వేల రూపాయలు, ఒక గది. ఒకటి కొంటే ఇంకొకటి కొనలేం. పాతవి చిరిగినవి తీసేయాలి, లేకపోతే కొత్తవాటికి చోటుండదు. మరి నేను తీసేసే ప్రతి పుస్తకమూ సెన్సారేనా?

కొన్నది దాచడం వేరు, కొనకపోవడం వేరు అని ఇన్నాళ్లూ అనుకునేవాణ్ణి. ఇప్పుడు అంత ధీమా లేదు. కిందటి నెల స్టాక్ రిజిస్టరు తిరగేసి చూశాను. పదహారేళ్లలో నేను కొన్న పుస్తకాల్లో దళిత రచయితలవి ఏడు. ఏడంటే ఏడు. ఎవరూ వద్దనలేదు, నేనూ వద్దనుకోలేదు. "మనవాళ్లు ఏం చదువుతారో" అనుకుని కొన్నాను, ఆ మనవాళ్లలో ఎవరెవరున్నారో ఆలోచించలేదు. దాచిన చలాన్ని బయటికి తీయగలిగాను. కొననివాటిని ఎక్కణ్ణుంచి తీయను? దీనికి నా దగ్గర ఉన్న జవాబు చాలా చిన్నది. ఏం కొన్నామో, ఎవరు ఏం అడిగారో, అడిగింది ఎందుకు కొనలేదో గోడ మీద పెడుతున్నాం ఈ నెల నుంచి. చాలదని తెలుసు.

డబ్బు ఎవరిదన్న ప్రశ్న కూడా ఉంది. మాది చందాల లైబ్రరీ, దాత మాట వినాలంటారు కొందరు. ప్రభుత్వ లైబ్రరీలైతే ఆ వాదన అసలు నిలవదు. 1948 మద్రాసు చట్టం పుణ్యమా అని చెన్నైలో ఆస్తి పన్ను కట్టే ప్రతివాడూ రూపాయికి పది పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాడు. చలం నచ్చినవాడూ కడుతున్నాడు, నచ్చనివాడూ కడుతున్నాడు, అసలు చదవనివాడూ కడుతున్నాడు.

కాలేజీ గేటు ముందు టీ కొట్టు

మా వాడి కాలేజీలో ఈ గదుల వ్యవహారం చూసే లెక్చరర్ తెలుగాయనే, చిత్తూరు జిల్లా. నేను ఫోన్ చేసి కలుస్తానంటే లోపలికి రమ్మనలేదు. గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. ఆయన్ని రెండు మాటలు అడిగి కడిగేద్దామనే వెళ్లాను, అది దాచడం ఎందుకు. కానీ ఆయన చెప్పింది విన్నాక అంత తేలిక కాదనిపించింది.

"సార్, నేను ఆ పుస్తకం చదివాను. ఎమ్మేలో ఉండేది మా అన్నకు. గొప్ప పుస్తకం. నా బాధ పుస్తకంతో కాదు, పోస్టరుతో" అన్నాడు. "ఆ పేరు నోటీసు బోర్డు మీద చూసి ఒకడు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాడనుకోండి. కులం పేరు పెట్టి పిల్లల్ని అవమానిస్తున్నారని ఒక వైపు వాళ్లంటారు. కులం పేరుతో గుంపు కడుతున్నారని ఇంకోవైపు వాళ్లంటారు. హాస్టల్లో పోయినేడు క్రికెట్ మ్యాచ్ మీద మొదలైన గొడవ ఎక్కడికి పోయిందో మీకు తెలీదు. రాత్రి రెండింటికి ఆస్పత్రిలో కూర్చున్నది నేను. నాది కాంట్రాక్టు ఉద్యోగం సార్, ఏప్రిల్‌కి రెన్యూ చేయాలి."

కాసేపాగి ఇంకో మాట అన్నాడు. "ఆ నవలకు సంగవిజయం అని ఇంకో పేరుంది కదా. ఆ పేరు పెట్టుకోండర్రా అని నేనే సలహా ఇచ్చాను. వినలేదు."

ఇది నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. ఎందుకంటే ఆ రెండో పేరు పెట్టింది ఉన్నవగారే. లెక్చరర్ కల్పించింది కాదు. ఒక పేరు మార్చుకుంటే పుస్తకం మొత్తం చదువుకోవచ్చు కదా, పట్టుదల ఎందుకు? ఆ వయసులో నేనైతే ఒప్పుకునేవాణ్ణేమో. కుల సూచన ఉన్న పేర్లు జనాన్ని బాధపెడతాయన్నది కూడా ఉత్త మాట కాదు. 2025లో తమిళనాడు ముఖ్యమంత్రి శాసనసభలోనే చెప్పారు, ప్రభుత్వ రికార్డుల్లోంచి 'కాలనీ' అన్న మాట తీసేస్తామని. ఆ మాట ఇక్కడ దళితవాడ అన్న అర్థంలో వాడుతున్నారని ఈ ఊళ్లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. వీధి పేరు మార్చడం మంచిదైనప్పుడు పోస్టరు పేరు మార్చడం తప్పెలా అవుతుంది?

ఈ ప్రశ్న నేను పిల్లల ముందు పెట్టాను. పదిహేను మందిలో ఎప్పుడూ మాట్లాడని ఒక కుర్రాడు ఉన్నాడు. గూడూరు దగ్గర ఊరు. వాడన్నాడు: "మా పేట పేరు మా ఊళ్లో అందరూ అదే అంటారు సార్. నా ఆధార్ కార్డులో కూడా అదే ఉంది. బ్యాంకులో చూపించాలి, హాస్టల్లో చూపించాలి, పరీక్ష హాల్లో చూపించాలి. నా కార్డు మీద ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. పుస్తకం మీద ఉంటేనే ఇబ్బందా?"

ఎవరం మాట్లాడలేదు. వాడే మళ్లీ, "కార్డు మీద మార్చమనండి, అప్పుడు పోస్టరు నేనే మారుస్తా" అన్నాడు. పేరు వద్దన్నవాళ్లలో ఒక్కరూ ఈ కుర్రాణ్ణి అడగలేదు. వాడి కోసమే వద్దంటున్నామన్నారు.

మనకు నచ్చనివాళ్లు గది అడిగితే

రేపు ఇంకో గుంపు వచ్చి మా పిల్లల పుస్తకాన్ని తిట్టే వక్తను పిలుస్తామంటే? నాకు కడుపు మండించే మాటలు మాట్లాడేవాణ్ణి పిలుస్తామంటే? ఈ మాట మా ఆవిడ అడిగింది, అన్నం వడ్డిస్తూ. ముందు తప్పించుకుందామని చూశాను. కుదరలేదు.

వాళ్లకూ గది ఇవ్వాల్సిందే. ఒకడి పేరు పట్టుకుని బెదిరించడం, కొట్టమని ఉసిగొల్పడం వేరే సంగతి, దానికి చట్టాలున్నాయి. అలాంటిది లేనప్పుడు గొడవ అవుతుందేమో అన్న ఊహ చాలదు. ఇది నేను కనిపెట్టిన సూత్రం కాదు, మద్రాసు నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. రిజర్వేషన్ల మీద తీసిన 'ఒరే ఒరు గ్రామత్తిలే' అన్న తమిళ సినిమా సర్టిఫికెట్‌ను ఇక్కడి హైకోర్టు రద్దు చేస్తే, 1989లో సుప్రీంకోర్టు దాన్ని తిరిగి నిలబెట్టింది. ఊరేగింపులు చేస్తాం, అల్లర్లు చేస్తాం అని బెదిరించేవాళ్లకు భయపడి నోళ్లు మూయిస్తే అది లొంగిపోవడమే అవుతుందంది. మందుగుండు పీపాలో నిప్పురవ్వ పడ్డంత దగ్గరి ప్రమాదం ఉండాలట. తెల్లకాగితం మీద స్కెచ్ పెన్ను ఆ లెక్కలోకి వస్తుందా?

అయితే ఇదంతా ప్రభుత్వానికి చెప్పిన మాట. ప్రైవేటు కాలేజీ యాజమాన్యాన్ని వాక్స్వాతంత్ర్యం పేరుతో కోర్టుకు లాగడం అంత సులువు కాదు. ఫీజు కట్టిన పిల్లవాడు లాగడు కూడా, సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉంటాయి. అందుకే నేను హక్కుల గురించి తక్కువ, కాగితం గురించి ఎక్కువ మాట్లాడుతున్నాను.

రాసివ్వండి సార్

నా వాదన మొత్తం ఈ ఒక్క మాటలో ఉంది. పుస్తకం తీసేయండి, గది ఇవ్వకండి, వక్తను ఆపండి, కానీ ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో ఒక వాక్యం రాసి సంతకం పెట్టండి.

2015లో ఐఐటీ మద్రాసులో అంబేడ్కర్ పెరియార్ స్టడీ సర్కిల్ అనే విద్యార్థి బృందం గుర్తింపు రద్దు చేశారు. మే నెలలో రద్దు, జూన్‌లో మళ్లీ ఇచ్చారు. అంత త్వరగా ఎందుకు తేలింది? పేరూ ఊరూ లేని ఉత్తరం మీద కేంద్ర మంత్రిత్వ శాఖ వివరణ అడిగిందన్న సంగతి కాగితాల్లో ఉంది కాబట్టి, రద్దు చేశామని సంస్థ చెప్పింది కాబట్టి. జనం ఆ కాగితాలు చేత్తో పట్టుకుని అడిగారు. హాలు ఏసీ రిపేరులో ఉందని ఏడాది పాటు చెప్పి ఉంటే ఎవరికి తెలిసేది?

తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ విషయంలో, ఊళ్లో గొడవ రేపిన ఆయన నవల 'మాదొరుబాగన్'ను ఏ ప్రభుత్వమూ నిషేధించలేదు. 2015 జనవరిలో అధికారులు శాంతి చర్చ అని కూర్చోబెట్టి ఆయన చేత సంతకం పెట్టించారు. రచయిత చనిపోయాడని ఆయనే ప్రకటించుకున్నాడు. 2016 జులైలో మద్రాసు హైకోర్టు ఆ ఒప్పందానికి కట్టుబడాల్సిన పని లేదని చెప్పి, ఆయన్ని రాసుకోమంది. ఆ సంతకం కాగితమే లేకపోతే కోర్టు కొట్టేయడానికైనా ఏముంది?

కాగితం లేకుండా ఒక నిషేధం ఎంతకాలం బతుకుతుందో సల్మాన్ రష్దీ నవల 'సెటానిక్ వర్సెస్' చెబుతుంది. 1988లో దిగుమతి ఆపుతూ కస్టమ్స్ నోటిఫికేషన్ ఇచ్చారన్నారు. 2019లో ఒకాయన ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి ఆ నోటిఫికేషన్ చూపించమన్నాడు. చూపించలేకపోయారు. 2024 నవంబరులో కోర్టు, అలాంటిది లేదనుకోవాల్సి వస్తుందని తేల్చింది. ముప్పై ఆరేళ్లు మనమంతా ఎవరికీ దొరకని ఒక కాగితానికి భయపడ్డాం.

అటువైపు, 2025 ఆగస్టులో జమ్మూ కశ్మీర్ హోం శాఖ 25 పుస్తకాలను జప్తు చేస్తున్నట్టు ఉత్తర్వు ఇచ్చింది. దారుణమనే నా అభిప్రాయం. కానీ జాబితా ఉంది, చట్టం సెక్షన్ ఉంది, రెండు నెలల్లో హైకోర్టులో ముగ్గురు జడ్జీల ముందుకు వెళ్లే దారి ఉంది. చట్టం ప్రకారం కారణాలు కూడా చెప్పాలి.

ఇక్కడ టీ కొట్టు దగ్గర లెక్చరర్ అన్న చివరి మాట చెప్పకుండా పోతే అన్యాయం. "సార్, రాసివ్వమని అడిగితే రాసిచ్చేది 'వీల్లేదు' అనే. ఇప్పుడు నోటితో చెబుతున్నా కాబట్టే సందు ఉంది. వచ్చే నెల నేనే మెల్లగా ఏదో గది చూసి ఇస్తాను. కాగితం పుట్టిందంటే మళ్లీ ఎవరూ దాన్ని చంపలేరు" అన్నాడు.

దీని మీద నేను నాలుగు రోజులు ఆలోచించాను. ఆయన చెప్పినదాంట్లో నిజముంది. మన దేశంలో చాలా స్వేచ్ఛలు ఇలా చూసీ చూడనట్టు వదిలేసిన సందుల్లోనే బతుకుతున్నాయి. అన్నీ రాతలోకి తెస్తే ఆ సందులు పూడుకుపోవచ్చు. కాలేజీలు 'అనుమతి లేని సమావేశాలు నిషిద్ధం' అని ఒక సర్క్యులర్ కొట్టి చేతులు దులుపుకోవచ్చు. నేను అడిగినదానివల్ల మా వాడికే నష్టం రావచ్చు.

అయినా మనసు మారలేదు. కారణం నా బీరువా. 2012లో ఆ ఆదివారం నా ముందు రిజిస్టరు పెట్టి, రిమార్కుల కాలమ్‌లో "చలం పుస్తకాలు నాలుగు తీసివేయడమైనది, కారణం:" అని రాయమని ఎవరైనా అని ఉంటే, ఆ రెండు చుక్కల తర్వాత నేనేం రాసేవాణ్ణి? దాతకు నచ్చలేదు అనా? కోడలు చదివింది అనా? రాయలేక పుస్తకాలు అరలోనే వదిలేసేవాణ్ణి. ఖచ్చితంగా.

ఇప్పుడు రాశాను. నాలుగు యాక్సెషన్ నంబర్ల పక్కన, "2012 మార్చి నుంచి 2025 వరకు లైబ్రరీ బాధ్యుడు బీరువాలో పెట్టి మరిచిపోయాడు, ఒకరికి రెండుసార్లు అబద్ధం చెప్పాడు" అని రాసి సంతకం చేశాను. మా కార్యదర్శి చూసి "ఇదంతా రిజిస్టర్లో ఎందుకండీ, ఆడిటరు చూస్తాడు" అన్నాడు. చూడనీ. టీచరుగారు కొడుకు దగ్గరికి హైదరాబాదు వెళ్లిపోయారట. ఫోన్ నంబరు సంపాదించాను గాని ఇంకా చేయలేదు.

పిల్లలు కాలేజీకి ఉత్తరం పెట్టారు. మూడు లైన్లు. పుస్తకం పేరు మార్చలేదు. శనివారం సాయంత్రం గది కావాలి, ఇవ్వలేకపోతే కారణం రాతపూర్వకంగా తెలియజేయగలరు, అని. అందినట్టు ముద్ర వేయించుకున్నారు. ఎనిమిది రోజులు ఏ కబురూ లేదు. తొమ్మిదో రోజు సెమినార్ హాలు ఇస్తున్నట్టు మెయిల్ వచ్చింది. కింద లెక్చరర్ పేరు ఉంది. ఆయన ఏప్రిల్ రెన్యూవల్ సంగతి నేను అడగలేదు, అడిగే మొహం లేదు.

శనివారం రాత్రి మా వాడు ఫోన్ చేశాడు. ఇరవై రెండు మంది వచ్చారట. గూడూరు కుర్రాడే మొదటి అధ్యాయం చదివాడట, తడుముకోకుండా.

"ఇంకోటి మామా" అన్నాడు. "ఏసీ నిజంగానే రిపేరులో ఉంది. చెమటకు చచ్చాం."